ఒప్పందంలో గరిష్ఠ పరిమితి: ‘లోపు’ అన్నది ఇంగ్లీషులో ఎలా రాయాలి?

సరుకు బేరం తెలుగులో కుదురుతుంది, కాగితం మాత్రం ఇంగ్లీషులో తయారవుతుంది. గుంటూరు మిర్చి యార్డులోనైనా, నిజామాబాద్ పసుపు మార్కెట్‌లోనైనా, ఆదోని పత్తి మార్కెట్‌లోనైనా జరిగేది ఇదే. శాంపిల్ చూసి, ధర ఖరారు చేసుకుని, ‘తేమ పదకొండు లోపు’ అని ఇరుపక్షాలు అనుకున్నంతసేపు పేచీ ఉండదు. ఆ మాటను గుమాస్తా ఇంగ్లీషులోకి దించినప్పుడే చిక్కు మొదలవుతుంది. ఒకరు ‘బిలో 11 పర్సెంట్’ అని రాస్తారు. మరొకరు ‘అప్ టు 11 పర్సెంట్’ అంటారు. ఇంకొకరు ‘11 పర్సెంట్ మాక్స్’ అని సరిపెడతారు. మూడింటి అర్థం ఒకటేనన్న నమ్మకంతో సంతకాలు జరిగిపోతాయి. పరీక్షలో తేమ సరిగ్గా 11.0 శాతం అని తేలిన రోజున మూడూ ఒకటి కావని తెలుస్తుంది.

గరిష్ఠ పరిమితిని తెలిపే ఇంగ్లీషు మాటలు చాలా ఉన్నాయి. అన్నీ వ్యాకరణరీత్యా సరైనవే కావచ్చు. అయితే ఒప్పందంలో, బ్యాంకు కాగితంలో, సరుకు వివరపత్రంలో ఒక్కో మాట బాధ్యతను ఒక్కో పక్షం మీదకు నెడుతుంది. ఏ మాట ఏ పని చేస్తుందో వర్తకులు, బ్రోకర్లు తెలుసుకుని వాడుకోవలసి ఉంది.

హద్దు అంకె చెల్లుతుందా, చెల్లదా?

మొదట చూడవలసినది ఇదే. ‘లెస్ దేన్’, ‘బిలో’, ‘అండర్’ అనే మాటలు హద్దు అంకెను బయటనే ఉంచుతాయి. ‘బిలో 11’ అంటే 11కు తక్కువ. సరిగ్గా 11 వస్తే ఆ సరుకు షరతుకు తగలేదన్న మాట. ‘నాట్ మోర్ దేన్’, ‘నాట్ ఎక్సీడింగ్’, ‘షల్ నాట్ ఎక్సీడ్’, ‘ఎట్ మోస్ట్’, ‘మాక్సిమమ్’ అనే మాటలు హద్దు అంకెను లోపలికి తీసుకుంటాయి. వీటిలో ఏది రాసినా 11 చెల్లుతుంది, 11 దాటితేనే చెల్లదు.

‘అప్ టు’ అనే మాట వాడుకలో హద్దును కలుపుకొనే నడుస్తుంది. అయినా వాదనకు కొంత సందు ఉంటుంది. ఆ సందు మూయడానికే పెద్ద ఒప్పందాలలో ‘అప్ టు అండ్ ఇన్‌క్లూడింగ్’ అని రాస్తారు. ‘విదిన్’ అనే మాట గడువుకు, దూరానికి నప్పుతుంది గాని తేమకు, తాలుకు, చెత్తకు నప్పదు. ‘విదిన్ 15 డేస్’ అనవచ్చు. ‘మాయిశ్చర్ విదిన్ 11 పర్సెంట్’ అని రాయడం తెలుగు ‘లోపు’ను యథాతథంగా దించడమే.

అసలు తెలుగు ‘లోపు’లోనే ఈ సందిగ్ధం ఉంది. ‘పన్నెండు లోపు’ అన్నప్పుడు పన్నెండు చేరుతుందని ఒకరు, చేరదని మరొకరు అనుకుంటారు. ‘పన్నెండు వరకు’ అంటే చేరుతుంది. ‘పన్నెండు మించకుండా’ అంటే అనుమానమే లేదు. కావున బేరం మాట్లాడేటప్పుడే ‘మించకుండా’ అన్న మాట వాడితే ఇంగ్లీషు కాగితంలో ‘నాట్ ఎక్సీడింగ్’ దానంతట అదే వచ్చి కూర్చుంటుంది.

దేశంలోని ఆహార ప్రమాణాలను నిర్దేశించే 2011 నాటి నియమాలు ఎండుమిర్చి కాయలకు తేమను 11.0 శాతం మించరాదని, పసుపు కొమ్ములకు 12.0 శాతం మించరాదని పెట్టాయి. ఆ నియమాల ఇంగ్లీషు పాఠంలో ఉన్న మాట ‘నాట్ మోర్ దేన్’. ఇప్పుడు ఒక లెక్క చూడవచ్చు. 40 కిలోల చొప్పున 250 టిక్కీల మిర్చి, అంటే 100 క్వింటాళ్లు, క్వింటాలు 15,000 రూపాయల వంతున బేరం కుదిరిందనుకుందాం. సరుకు విలువ 15 లక్షలు. తేమ సరిగ్గా 11.0 వచ్చింది. చట్టం ప్రకారం సరుకు నిక్షేపంగా ఉంది. ఒప్పందంలో ‘బిలో 11 పర్సెంట్’ అని ఉంటే మాత్రం కొనుగోలుదారు కోత అడగవచ్చు. కోత రెండు శాతమే అనుకున్నా 30,000 రూపాయలు అమ్మకందారు జేబునుంచి పోతాయి. సరుకులో లోపం లేదు, పోయినది మాటలో.

శ్లాబులు రాసేటప్పుడు

పత్తి కొనుగోళ్లలో 8, 12 అనే రెండు అంకెలు రైతులకు, జిన్నింగ్ మిల్లులకు కంఠోపాఠమే. తేమ 8 శాతం వరకు పూర్తి ధర, ఆపైన 12 వరకు పెరిగిన తేమకు తగ్గట్టు కోత, 12 దాటితే సరుకు తీసుకోరు. కాటన్ కార్పొరేషన్ మద్దతు ధర కొనుగోళ్లలో పాటించిన పద్ధతి ఇది. ఇదే పద్ధతిని ప్రైవేటు ఒప్పందంలో రాసేటప్పుడు చాలామంది ‘0 టు 8, 8 టు 12, 12 అండ్ అబోవ్’ అని మూడు వరుసలు వేస్తారు. ఇందులో 8 రెండు వరుసలలో ఉంది. 12 కూడా రెండు వరుసలలో ఉంది. 12.0 వచ్చిన లారీని కోతతో దించుకోవాలా, తిప్పి పంపాలా అన్నది ఈ కాగితం చెప్పదు.

సరైన పద్ధతి ఒకటే. మొదటి వరుసలో ‘అప్ టు అండ్ ఇన్‌క్లూడింగ్ 8.0’ అని, రెండవ వరుసలో ‘అబోవ్ 8.0 అండ్ అప్ టు అండ్ ఇన్‌క్లూడింగ్ 12.0’ అని, మూడవ వరుసలో ‘అబోవ్ 12.0’ అని రాయాలి. ప్రతి అంకెకు ఒకే ఇల్లు ఉండాలి. ‘12 అండ్ అబోవ్’ అంటే 12 తిరస్కరణలోకి పోతుంది. ‘అబోవ్ 12’ అంటే 12 కోతలోనే ఉంటుంది. ‘అండ్’ అనే ఒక్క మాట దగ్గర లారీ లోడు తేడా వస్తుంది.

దశాంశ బిందువు విలువ

11 అని రాయడం, 11.0 అని రాయడం ఒకటి కాదు. భారతీయ ప్రమాణాలలో అంకెల సవరణకు ‘ఐ.ఎస్. 2’ అనే ప్రమాణం ఉంది. దాని 1960 నాటి పాఠం దశాబ్దాల తరబడి వాడుకలో నిలిచింది. పరీక్షలో వచ్చిన ఫలితాన్ని ప్రమాణంలో ఎన్ని స్థానాలు ఇచ్చారో అన్ని స్థానాలకే సవరించి, ఆ తర్వాత హద్దుతో పోల్చాలన్నది దాని సారాంశం.

ఈ పద్ధతి ప్రకారం హద్దు 11.0 అని ఉండి ఫలితం 11.04 వస్తే, అది 11.0గా సవరణ పొంది సరుకు గట్టెక్కుతుంది. 11.4 వస్తే గట్టెక్కదు. హద్దును ఊరికే 11 అని రాస్తే అదే 11.4 కాస్తా 11గా సవరణ పొంది చెల్లిపోతుంది. అంటే ఒక సున్నా రాయనందువల్ల కొనుగోలుదారు దాదాపు అర శాతం తేమకు ధర చెల్లించవలసి రావచ్చు. ఏ సవరణ పద్ధతి పాటించేదీ ఒప్పందంలో రాయకపోతే అమ్మకందారు ఒక పద్ధతిని, కొనుగోలుదారు మరొక పద్ధతిని పట్టుకుంటారు. కావున దశాంశ స్థానాన్ని, సవరణ పద్ధతిని రెండింటినీ కాగితం మీద పెట్టడం ఉభయులకూ క్షేమం.

వెసులుబాటు రాసేటప్పుడు కూడా ఇటువంటి చిక్కే ఉంది. ‘12 పర్సెంట్ మాక్సిమమ్, టాలరెన్స్ 1 పర్సెంట్’ అని రాస్తే హద్దు 13 దాకా జరిగిందా, లేక 12లో ఒక శాతం, అంటే 12.12 దాకానా? మొదటిదే ఉద్దేశమైతే ‘వన్ పర్సెంటేజ్ పాయింట్’ అనాలి. అంతకన్నా మేలు, వెసులుబాటు మాట ఎత్తకుండా ‘నాట్ ఎక్సీడింగ్ 13.0’ అనే నేరుగా రాసుకోవడం.

ఒక్కొక్కటా, అన్నీ కలిపా?

‘బ్రోకెన్, డ్యామేజ్డ్ అండ్ ఫారిన్ మ్యాటర్: 5 పర్సెంట్ మాక్స్’ అనే వరుస సరుకు వివరపత్రాలలో తరచు కనబడుతుంది. పగిలిన కాయ 4, దెబ్బతిన్న కాయ 3, చెత్త 1 శాతం వచ్చిందనుకుందాం. ఒక్కొక్కటి విడిగా చూస్తే ఏదీ 5 దాటలేదు. కలిపితే 8. అమ్మకందారు విడిగా చూపిస్తాడు, కొనుగోలుదారు కలిపి చూపిస్తాడు. ‘ఈచ్’ అనో, ‘ఇన్ టోటల్’ అనో ఒక మాట చేర్చితే ఈ తగవు పుట్టదు.

అలాగే హద్దు మొత్తం లాటు సగటుకా, ప్రతి బస్తాకా అన్నదీ చెప్పాలి. సగటు 10.5 వచ్చిన లాటులో కొన్ని బస్తాలు 12 చూపవచ్చు. సగటుకు హద్దు పెట్టదలిస్తే కలిపిన శాంపిల్ మీద పరీక్ష అని రాయాలి. ప్రతి బస్తాకూ పెట్టదలిస్తే ‘నో ఇండివిడ్యువల్ బ్యాగ్ షల్ ఎక్సీడ్’ అని విడిగా రాయాలి.

ఎగుమతి సరుకుకు ఏ కొలత, ఏ పదార్థం అన్నది మరీ ముఖ్యం. యూరప్ సమాఖ్య 2023లో తెచ్చిన 915 నంబరు నియమావళి, నేరుగా తినడానికి అమ్మే వేరుశనగ పప్పుకు అఫ్లటాక్సిన్ బి1 కిలోకు 2.0 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లటాక్సిన్లు 4.0 మైక్రోగ్రాములు మించరాదని పెట్టింది. ఒప్పందంలో ‘అఫ్లటాక్సిన్ 4 మాక్స్’ అని మాత్రమే ఉంటే బి1 విలువ 3 వచ్చిన సరుకు కాగితం ప్రకారం చెల్లుతుంది, రేవులో చెల్లదు.

‘అప్ టు’లో కనీసం ఉండదు

పరిమాణం విషయంలో ‘అప్ టు’ మరొక రకంగా మోసపుచ్చుతుంది. ‘సెల్లర్ షల్ సప్లై అప్ టు 500 టన్స్’ అని రాస్తే 500 టన్నులు వస్తాయని కొనుగోలుదారు మిల్లు ఏర్పాటు చేసుకుంటాడు. కాని ఆ వాక్యం పై హద్దును మాత్రమే చెప్పింది, కింది హద్దు చెప్పలేదు. అమ్మకందారు 60 టన్నులు పంపి బాధ్యత తీరిందంటే కాగితంలో దానికి సమాధానం దొరకడం కష్టం. కావలసినది 500 టన్నులే అయితే ‘500 టన్స్’ అనే రాయాలి. వెసులుబాటు కావాలంటే ‘ఫైవ్ పర్సెంట్ మోర్ ఆర్ లెస్’ అని రాసి, అది ఎవరి ఇష్టమో, అమ్మకందారుదా, కొనుగోలుదారుదా, ఓడ యజమానిదా చెప్పాలి.

1930 నాటి సరుకుల విక్రయ చట్టం 37వ సెక్షన్ ఈ విషయంలో గట్టిగా ఉంది. ఒప్పుకున్న దానికన్నా తక్కువ సరుకు పంపితే కొనుగోలుదారు తిరస్కరించవచ్చు, లేదా తీసుకుంటే ఒప్పందపు ధర చొప్పున చెల్లించాలి. ఎక్కువ పంపితే ఒప్పుకున్నంత మేరకే తీసుకుని మిగతాది కాదనవచ్చు, లేదా మొత్తాన్నీ కాదనవచ్చు. అయితే వర్తక మామూళ్లు, ప్రత్యేక ఒప్పందం, ఇరుపక్షాల పాత లావాదేవీల తీరు ఉంటే వాటికి లోబడే ఇది వర్తిస్తుందని కూడా ఆ సెక్షనే చెబుతుంది. పరిమాణం స్పష్టంగా రాసుకున్నప్పుడే ఈ హక్కు చేతికి అందుతుంది. అర్థం నిశ్చయించడానికి వీలులేని ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 29వ సెక్షన్ చెబుతున్నది.

ఓడ ఒప్పందాలలో ‘మిన్ మాక్స్’ అనే మాట వినబడుతుంది. కాకినాడ రేవు నుంచి బియ్యం పంపేవారికి ఇది పరిచయమే. ఒక పరిమాణం పక్కన ఈ జంట మాట ఉంటే కనీసమూ అదే, గరిష్ఠమూ అదే, అటూ ఇటూ వెసులుబాటు లేదని అర్థం. దీనిని ‘సుమారు’ అన్న భావంతో వాడటం పెద్ద పొరపాటు.

బ్యాంకు కాగితాలలో

లెటర్ ఆఫ్ క్రెడిట్ మీద నడిచే బేరాలలో కొన్ని మాటలకు అర్థం ముందే నిర్ణయమై ఉంది. ఇంటర్నేషనల్ చాంబర్ ఆఫ్ కామర్స్ రూపొందించిన యు.సి.పి. 600 నియమాలు 2007 జూలై 1 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి 30వ ఆర్టికల్ ప్రకారం సొమ్ముకు, పరిమాణానికి, యూనిట్ ధరకు ముందు ‘అబౌట్’ లేక ‘అప్రాక్సిమేట్లీ’ అని ఉంటే, ఆ మాట దేని ముందు ఉందో దానికి 10 శాతం ఎక్కువ తక్కువలకు అనుమతి ఉంటుంది. ఆ మాటలు లేకపోయినా పరిమాణంలో 5 శాతం వరకు తేడా చెల్లుతుంది. కాని పరిమాణాన్ని బస్తాల లెక్కనో, విడి వస్తువుల లెక్కనో చెప్పి ఉండకూడదు, క్రెడిట్ మొత్తాన్ని మించి సొమ్ము తీయకూడదు. పరిమాణం మించరాదని, తగ్గరాదని క్రెడిట్‌లోనే ఉంటే ఈ 5 శాతం వర్తించదు.

అంటే ‘40 టన్నులు’ అని ఉన్న క్రెడిట్ మీద పంపే సరుకులో కొంత హెచ్చుతగ్గులు చెల్లుతాయి. ‘1,000 బస్తాలు’ అని ఉంటే చెల్లవు. ‘నాట్ ఎక్సీడింగ్ 40 టన్స్’ అని ఉంటే పైకి ఒక్క కిలో కూడా పోరాదు.

తేదీల హద్దు కూడా ఇంతే. ఓడకెక్కించే గడువును తెలిపేటప్పుడు ‘టు’, ‘అన్‌టిల్’, ‘టిల్’, ‘ఫ్రమ్’, ‘బిట్వీన్’ అనే మాటలు చెప్పిన తేదీని కలుపుకొంటాయని, ‘బిఫోర్’, ‘ఆఫ్టర్’ అనేవి ఆ తేదీని మినహాయిస్తాయని 3వ ఆర్టికల్ నిర్ణయించింది. ‘బిఫోర్ మార్చి 31’ అంటే 30వ తేదీకే గడువు ముగిసింది. 31 కూడా కావాలంటే ‘నాట్ లేటర్ దేన్ మార్చి 31’ అని రాయాలి.

హద్దు వేరు, నమోదైన విలువ వేరు

‘మాక్సిమమ్ ప్రైస్’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ప్యాకెట్ మీద ఉండే గరిష్ఠ చిల్లర ధర అమ్మకందారు దాటరాని హద్దు. ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ పట్టికలలో కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ అని మూడు ధరలు వస్తాయి. అక్కడి గరిష్ఠం ఆ రోజు యార్డులో పలికిన అన్నింటికన్నా ఎక్కువ ధర, అంతే. హద్దు కాదు. ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో మోడల్ ధర చెబుతుంది. ఒక్క మేలైన లాటుకు పలికిన ధరను పట్టుకుని ‘మార్కెట్ ధర ఇంత’ అని పార్టీకి ఇంగ్లీషులో ఉత్తరం రాస్తే తప్పుదోవ పట్టించినట్లే. నమోదైన ధరకు ‘ది హైయెస్ట్ ప్రైస్ రికార్డెడ్ వాజ్’ అని రాయడం మంచిది.

‘యాజ్ హై యాజ్’ అనే మాటలో ఆశ్చర్యం ధ్వనిస్తుంది. అది హద్దును చెప్పదు. ‘నో మోర్ దేన్’కూ, ‘నాట్ మోర్ దేన్’కూ తేడా ఉంది. ‘నో మోర్ దేన్ 50 బ్యాగ్స్’ అంటే యాభై బస్తాలే, ఇంతేనా అన్న భావం రావచ్చు. ‘నాట్ మోర్ దేన్ 50 బ్యాగ్స్’ నిర్వికారంగా హద్దు చెబుతుంది. ఒప్పందానికి రెండవదే తగినది.

మన దేశపు ఇంగ్లీషులో మరొక అలవాటు ఉంది. ‘మాక్సిమమ్ అరైవల్స్ ఆర్ ఫ్రమ్ ఖమ్మం’ అని రాస్తే సరుకులో ఎక్కువ భాగం ఖమ్మం నుంచి వచ్చిందని మనవారికి అర్థమవుతుంది. బయటి దేశపు కొనుగోలుదారుకు కాదు. అక్కడ వాడవలసినది ‘మోస్ట్ ఆఫ్ ది అరైవల్స్’.

బ్రోకరుకిచ్చే ఆర్డరు, రుసుము

టెలిగ్రామ్ సేవ మన దేశంలో 2013 జూలైలో ముగిసింది. మాటల లెక్కన డబ్బు కట్టే ఆ రోజులలో ఆర్డరును కుదించడానికి కారణం ఉండేది. ఫోను సందేశాలలో మాటకు ఖరీదు లేకపోయినా కుదింపు అలవాటు పోలేదు. ‘బై అప్ టు 500 బ్యాగ్స్ 6,000’ అంటే 500 బస్తాలు హద్దా, 6,000 ధర హద్దా, రెండూనా? ‘క్వాంటిటీ నాట్ ఎక్సీడింగ్ 500 బ్యాగ్స్, ప్రైస్ నాట్ ఎక్సీడింగ్ 6,000 పర్ క్వింటల్’ అని రెండు హద్దులూ విడివిడిగా చెప్పాలి.

బ్రోకరేజీకి పై హద్దు పెట్టేటప్పుడు ‘వన్ పర్సెంట్, సబ్జెక్ట్ టు ఎ మాక్సిమమ్ ఆఫ్ 5,000 రూపీస్’ అనడం శుద్ధమైన వాడుక. ‘వన్ పర్సెంట్ ఆర్ 5,000, విచెవర్ ఈజ్ లోయర్’ అన్నా అదే ఫలితం. ఇక్కడ ‘లోయర్’ బదులు ‘హైయర్’ పడితే 5,000 గరిష్ఠం కాస్తా కనిష్ఠం అవుతుంది. పది లక్షల బేరానికి 5,000 ఇవ్వవలసిన చోట 10,000 ఇవ్వవలసి వస్తుంది.

వాక్యం కూర్పు

వాక్యంలో ‘షల్ నాట్ ఎక్సీడ్’ వాడాలి. ‘షుడ్ నాట్’ అనేది సలహాలా ధ్వనిస్తుంది. ‘మే నాట్’కు మించకపోవచ్చు అన్న అర్థం కూడా తీయవచ్చు. పట్టికలో మాత్రం అంకె పక్కన ‘మాక్స్’ చాలు. భారతీయ ప్రమాణాల పట్టికలలోనూ ఇదే పద్ధతి. ‘మాక్సిమమ్ అప్ టు’, ‘నాట్ ఎక్సీడింగ్ ఎ మాక్సిమమ్ ఆఫ్’ అని రెండు హద్దు మాటలు కలపడం అనవసరం. ‘అప్ టు’ను కలిపి ఒకే మాటగా రాయడం మన కార్యాలయాలలో పాతుకుపోయింది గాని, అవి రెండు మాటలు.

అన్నీ కలిపి ఒక నమూనా చూస్తే ఇలా ఉంటుంది: ‘మాయిశ్చర్ షల్ నాట్ ఎక్సీడ్ 11.0 పర్సెంట్ బై వెయిట్, డిటర్మిన్డ్ ఆన్ ఎ కాంపోజిట్ శాంపిల్ ఆఫ్ ది లాట్’. దీని తర్వాత 11.0 దాటి 12.0 వరకు ఎంత కోత, 12.0 దాటితే తిరస్కరించే హక్కు ఎవరిది అని మరి రెండు వాక్యాలు చేర్చాలి. హద్దు దాటితే ఏమవుతుందో చెప్పని హద్దు పేచీని ఆపదు.

సంతకానికి ముందు ప్రతి గరిష్ఠ పరిమితి దగ్గరా ఆగి ఒక పరీక్ష చేసుకోవచ్చు. సరుకు సరిగ్గా ఆ అంకె దగ్గరే తేలితే ఏమి జరుగుతుంది? అమ్మకందారూ, కొనుగోలుదారూ ఆ కాగితాన్నే చదివి ఒకే జవాబు చెప్పగలిగితే సంతకం చేయవచ్చు. జవాబులు రెండైతే సరుకు లారీ ఎక్కకముందే ఆ వాక్యం మార్చుకోవాలి.